కుక్క జాతి చూసి ఇల్లు ఇవ్వబోమంటున్నారు

ప్రశ్న: మావారికి కాకినాడ నుంచి భీమవరం బదిలీ అయింది. అక్కడ ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఇల్లు కుదిరి, బయానా కూడా ఇచ్చాము. మాకు నాలుగేళ్ల రాట్‌వీలర్ ఉంది. ఇంటి యజమానికి అభ్యంతరం లేదు గానీ, సంఘం వారు "ఈ జాతిని ప్రభుత్వమే నిషేధించింది, చిన్న కుక్కయితే సరే" అంటున్నారు. దాన్ని మా మామగారి చేపల చెరువు దగ్గర వదిలేయమని చుట్టాల సలహా. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ చెరువు ఆలోచన మానుకోండి. నాలుగేళ్లు ఇంట్లో మనుషుల కాళ్ల దగ్గర పడుకున్న కుక్కను తీసుకెళ్లి గట్టు మీద పాక గుంజకు కట్టేస్తే, మన డెల్టా ఉక్కలో, పిడుదుల మధ్య అది బెంగతోనే చిక్కిపోతుంది.

ఇక నిషేధం సంగతి. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతిని, పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసిన మాట నిజమే, అందులో రాట్‌వీలర్ ఉన్న మాటా నిజమే. అయితే అప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించమన్నారే గానీ, వాటిని వెళ్లగొట్టమని ఆ లేఖలో కూడా లేదు. సంబంధించిన వారినెవరినీ సంప్రదించకుండా ఇచ్చారన్న కారణంతో ఆ లేఖను కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న కొట్టివేసింది. ఆరు రోజుల తరువాత ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని పక్కన పెట్టింది. కాబట్టి ఆ లేఖను చూపించి మిమ్మల్ని ఆపడం సరికాదు.

సంఘానికి, యజమానికి ఉన్న తేడాను మీరు బాగా గుర్తుంచుకోవాలి. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నివాసుల సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదు, సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది చేతులెత్తినా సరే. చిన్న కుక్కలకు ఒప్పుకొని పెద్దవాటిని కాదనడం కూడా కుదరదని అందులో స్పష్టంగా ఉంది. యజమాని విషయం వేరు. తన ఇంటిని ఏ షరతుల మీద ఇవ్వాలో నిర్ణయించుకునే హక్కు ఆయనది. అందుచేత ఆయన నోటిమాటతో సరిపెట్టుకోకుండా, పెంపుడు కుక్కతో సహా నివసించడానికి అంగీకరిస్తున్నట్లు అద్దె ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. మన వైపు అందరూ రాసుకునే పదకొండు నెలల ఒప్పందమైతే, తిరగరాసిన ప్రతిసారీ ఆ వాక్యం ఉందో లేదో చూసుకోండి.

చట్టం మీ పక్షాన ఉన్నా, ఇరుగుపొరుగు భయాన్ని తేలికగా తీసుకోవద్దు. మేము తణుకులో అద్దెకు దిగిన కొత్తలో, కింది వాటా పెద్దావిడ తెల్లవారుజామున కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేసేవారు. మొదటి రోజే మా కుక్క గొలుసు లాక్కుని ఆ తడి ముగ్గు మీదుగా పోయింది. గేటు దాకా తెల్లటి పాదాల గుర్తులు. ఆవిడ ఒక్క మాట అనలేదు గానీ, ముగ్గు గిన్నె గుండెలకు హత్తుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మరునాటి నుంచి ఆవిడ లేవకముందే షికారు ముగించుకుని వచ్చేవాడిని. నెల తిరక్కుండా ఆవిడే దాని పేరు అడిగారు.

మీ కుక్క గొలుసు ఎప్పుడూ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పిల్లల చేతికి ఇవ్వకండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే తరువాతి దాకా ఆగండి. నిర్లక్ష్యం వల్ల అది ఎవరికైనా హాని చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. రేబిస్ టీకా ఏటా వేయించి, పశువైద్యుని సంతకం ఉన్న కార్డు దగ్గర ఉంచుకోండి.

ఆ కార్డు నకలును, మార్గదర్శకాల ప్రతిని జతచేసి సంఘం కార్యదర్శి గారికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి; అభ్యంతరం ఉంటే కారణాన్ని కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఆ సమాధానం వచ్చేదాకా బయానా వెనక్కి తీసుకోకండి.