ప్యాచ్ వేస్తే బాగున్న కన్ను కూడా పాడవుతుందా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. ఈమధ్య స్కూల్లో కంటి పరీక్ష చేసి ఎడమ కన్ను సరిగా కనిపించడం లేదని చెప్పారు. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కుడి కన్ను బాగానే ఉంది, ఎడమ కంటికి ప్లస్ నాలుగున్నర పవర్ ఉంది అన్నారు. అద్దాలు పెట్టినా ఆ కంటితో 6/24 వరకే చదువుతోంది, అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలుగుతోందట. కంట్లో జబ్బేమీ లేదట, మెదడుకే ఆ కన్ను అలవాటు కాలేదట. అద్దాలు పెట్టి, రోజూ రెండు గంటలు కుడి కంటికి ప్యాచ్ వేయమన్నారు. బాగున్న కన్ను మూస్తే అదీ పాడవుతుందని మా అత్తగారి భయం. పెద్దయ్యాక లేజర్ చేయిద్దాంలే అని మావారు అంటున్నారు. పాప ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా కనబడట్లేదని చెప్పలేదు, చదువులోనూ ముందుంటుంది. మాకు మూడేళ్ల బాబు కూడా ఉన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీ డాక్టర్ చెప్పింది సరైన మాటే. ప్యాచ్ ఈ వారమే మొదలుపెట్టండి. లేజర్ కోసం ఆగితే మాత్రం పాపకు తిరిగిరాని నష్టం జరుగుతుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. కారణం తెలిస్తే మీ అత్తగారు, మీవారు కూడా మీకు సాయంగా నిలబడతారు. ఈ చికిత్స ఇంటిల్లిపాదీ చేయాల్సింది.

మీ పాపకు ఉన్నదాన్ని అంబ్లియోపియా అంటాం, లేజీ ఐ అన్న పేరు కూడా వినే ఉంటారు. కన్ను చేసే పని వెలుతురును పట్టుకుని లోపలికి పంపడం వరకే. దాన్ని అక్షరంగా, అమ్మ ముఖంగా పోల్చుకునేది తల వెనుక వైపున్న మెదడు భాగం. పుట్టినప్పుడు ఆ భాగం పూర్తిగా తయారై ఉండదు. రెండు కళ్ల నుంచీ స్పష్టమైన బొమ్మలు అందుతూ ఉంటేనే అక్కడి నరాల అల్లిక బలపడుతుంది. మీ పాప విషయంలో కుడి కన్ను మొదటి నుంచీ స్పష్టంగా చూపించింది, పవర్ ఎక్కువ ఉన్న ఎడమ కన్ను మసకగా చూపించింది. మెదడు స్పష్టమైనదాన్ని ఉంచుకుని, మసకదాన్ని పక్కన పెట్టేసింది.

ఇది ఎలా జరుగుతుందో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ 1960లలో పిల్లి కూనల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. పుట్టిన కొద్ది రోజులకే ఒక కంటి రెప్పను కుట్టేసి, రెండు మూడు నెలల తర్వాత తెరిచారు. కన్నుకు కన్ను బాగానే ఉంది. మెదడులోని కణాలు మాత్రం ఆ కంటికి దాదాపు స్పందించడమే మానేశాయి, తెరిచి ఉన్న కంటికే పనిచేస్తున్నాయి. పెద్ద పిల్లికి అంతకన్నా ఎక్కువ కాలం కన్ను మూసి ఉంచినా అలా జరగలేదు. రెండు కళ్లూ మూసిన కూనల్లో కూడా, ఒక్క కన్నే మూసినప్పుడు జరిగినంత నష్టం లేదు. అంటే కన్ను మూతపడటం కంటే పక్క కన్ను పోటీకి రావడం వల్లే ఎక్కువ దెబ్బ తగిలిందన్నమాట. మనం సాగు చేయకుండా వదిలేసిన చెలకను పక్క రైతు గట్టు జరుపుకుంటూ దున్నేసుకున్నట్టే ఇది. ఈ పరిశోధనకు వాళ్లిద్దరికీ 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ ఇంట్లో పాప కంటికి అంటించే ఆ చిన్న పట్టీ చేసేదల్లా రోజుకు కొంతసేపు ఆ పోటీని ఆపడం.

లేజర్ సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది. లేజర్ సాధారణంగా 18 ఏళ్లు దాటి, పవర్ నిలకడగా ఉన్నాకే చేస్తారు. అద్దాలు చేసే పనినే అది కంటి పైపొర మీద చేస్తుంది. అద్దాలు పెట్టినా 6/24 దాటని కన్ను లేజర్ తర్వాత కూడా అక్కడే ఆగుతుంది. పోలీసు, సైన్యం లాంటి ఉద్యోగాలకు ఒక్కో కంటి చూపును విడిగా పరీక్షిస్తారు. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. రేపు ఏ దెబ్బ తగిలో బాగున్న కన్ను దెబ్బతింటే పాపకు మిగిలేది ఈ ఎడమ కన్నే.

ఏడేళ్లంటే ఆలస్యమైపోయిందా అని మీరు అడగలేదు గానీ, మీ మనసులో ఆ ప్రశ్న ఉండే ఉంటుంది. ఇంకా ముందే దొరికి ఉంటే బాగుండేది, అది నిజం. అయినా తలుపులు మూసుకుపోలేదు. అమెరికాలో 2005లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో అద్దాలతోపాటు ప్యాచ్, బాగున్న కంటిని మసకబార్చే చుక్కల మందు వాడినవారిలో 53 శాతం మందికి చూపు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడింది. అద్దాలతోనే సరిపెట్టుకున్నవారిలో అది 25 శాతం. టీనేజ్‌లో, అంతకుముందు ఏ చికిత్సా తీసుకోని కొందరికి కూడా ఫలితం కనిపించింది. వయసు పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది కాబట్టే నేను తొందరపెడుతున్నాను.

ఇక మీ అత్తగారి భయం. అది అర్థం లేని భయమేమీ కాదు. చాలా చిన్న పిల్లలకు రోజంతా ప్యాచ్ వేసి, రివ్యూకు తీసుకురాకపోతే బాగున్న కంటి చూపు తగ్గే ప్రమాదం ఉంటుంది. ఏడేళ్ల పిల్లకు రోజుకు రెండు గంటలతో అలా జరగడం చాలా అరుదు. అప్పుడు కూడా ప్యాచ్ ఆపితే సాధారణంగా సర్దుకుంటుంది. రెండు మూడు నెలలకోసారి రెండు కళ్లనూ పరీక్షించేది అందుకే. మరి రెండు గంటలు సరిపోతాయా అంటే, ఈ స్థాయి అంబ్లియోపియాలో ఆరు గంటలు వేసిన పిల్లలకూ రెండు గంటలు వేసిన పిల్లలకూ ఫలితం దాదాపు ఒకేలా వచ్చింది. కాబట్టి త్వరగా తగ్గాలని మీరే గంటలు పెంచకండి.

మొదటి వారం కష్టంగానే ఉంటుంది. ప్యాచ్ వేయగానే పాపకు అన్నీ మసకగా కనిపిస్తాయి. పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది, గడప తట్టుకుంటుంది, చిరాకుపడి పీకేస్తుంది. అది మొండితనం కాదు, నిజంగానే కనబడక పడే అవస్థ. కోప్పడకుండా పక్కన కూర్చోండి. ప్యాచ్‌ను చర్మానికే అంటించి, దానిమీద అద్దాలు పెట్టండి. అద్దానికి గుడ్డ కడితే పిల్లలు ముక్కు పక్క సందులోంచి బాగున్న కంటితోనే చూసేస్తారు. మనం రెండు గంటలు అయ్యాయనుకుంటాం, ఎడమ కన్ను ఏమీ చేసి ఉండదు. స్కూల్లో తోటిపిల్లలు ఏడిపిస్తారనుకుంటే సాయంత్రం ఇంట్లోనే వేయండి. ముగ్గు చుక్కలు కలపడం, పూసలు గుచ్చడం, బొమ్మలకు రంగులు వేయడం, ఏదైనా సరే. దగ్గరి పనే చేయించాలన్న నియమమేమీ లేదు, తనకు ఇష్టమైన కార్టూన్ చూసినా ఎడమ కన్ను పనిచేస్తుంది. ప్యాచ్ ఉన్నంతసేపు మెట్ల దగ్గర కనిపెట్టుకుని ఉండండి, సైకిల్ మాత్రం ఇవ్వకండి. చర్మం కందితే తీసేముందు తడిపి నెమ్మదిగా తీయండి.

ప్యాచ్ అసలు ఉంచుకోనంటే బాగున్న కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి కొంతకాలం మసకబార్చే పద్ధతి ఉంది. అది డాక్టర్ రాస్తేనే, చెప్పిన రోజుల్లోనే వేయాలి. సీసా చిన్నవాడి చేతికి అందకూడదు, మింగితే ప్రమాదం. అద్దాలు మాత్రం నిద్రలేచినప్పటి నుంచి పడుకునేదాకా ఉండాల్సిందే. క్యారెట్లు, కంటి వ్యాయామాలు దీనికి ప్రత్యామ్నాయం కావు. చూపు వచ్చాక కూడా ప్యాచ్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఆపిన తర్వాత మొదటి ఏడాదిలో నలుగురిలో సుమారు ఒకరికి చూపు మళ్లీ తగ్గుతుంది.

ఇన్నాళ్లూ గమనించలేదని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. రెండు కళ్లూ తెరిచి చూసేటప్పుడు బాగున్న కన్నే పని నడిపిస్తుంది. రెండో కన్ను మసక అని పాపకే తెలియదు, ఇక చెప్పేదేముంది? మెల్ల ఉంటే ఎవరో ఒకరు గమనిస్తారు. అయినా దాన్ని అదృష్టమని చెప్పి వదిలేసే ఇళ్లు ఇప్పటికీ ఉండటం నాకు బాధ కలిగిస్తుంది. మెల్లకన్ను నుంచి వచ్చే బొమ్మనూ మెదడు ఇలాగే పక్కన పెడుతుంది. పసిపాప కంటిపాప తెల్లగా మెరిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. పుట్టుశుక్లమైతే పుట్టిన రెండు నెలల్లోపే ఆపరేషన్ చేయాలని చూస్తాం, కారణం మళ్లీ మెదడే. కంటి క్యాన్సర్ కూడా అలాగే బయటపడవచ్చు.

ఈ సమస్య తోబుట్టువుల్లో కనిపించే అవకాశం కొంత ఎక్కువ. పాపను రివ్యూకు తీసుకెళ్లేటప్పుడు మూడేళ్ల బాబునూ వెంట తీసుకెళ్లండి. అక్షరాలు రాకపోయినా ఫర్వాలేదు, చుక్కల మందు వేసి పవర్ చూస్తారు. దానికి గంటకు పైనే పడుతుంది కాబట్టి పిల్లలకు తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి.