అది ఉద్యోగమా, సంఘసేవా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. ఫ్యాక్టరీ ఉద్యోగం వద్దనీ, ప్రాసెస్డ్ ఆహార పదార్థాల సామాజిక సుస్థిరతను మదింపు చేసే పని చేస్తాననీ అంటోంది. అది ఉద్యోగమా, సంఘసేవా? – ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ఉద్యోగమేనండీ. ఒక సరుకు తయారీ మనుషులకు మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అని లెక్కగట్టే పని అది. కాకపోతే ఆ పేరుతో ప్రకటనలు అరుదు కనుక, అందులోకి ఏ దారిన వెళ్లాలో ముందే తెలుసుకోవాలి.

పలాస జీడిపప్పునే తీసుకోండి. గింజ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. అందుకే పెంకు కొట్టే స్త్రీలు చేతులకు నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. ఒకే రకం యంత్రాలున్న రెండు యూనిట్లలో కిలో పప్పుకయ్యే కరెంటు, నీరు దాదాపు సమానంగా ఉండవచ్చు గానీ, ఒకచోట చేతి తొడుగులూ సక్రమమైన కూలీ ఉండి, మరొకచోట అవి లేకపోతే సామాజిక మదింపులో ఆ రెండూ వేర్వేరు సరుకులే అవుతాయి. పర్యావరణ లెక్క ప్రధానంగా యంత్రాన్నీ ప్రక్రియనూ బట్టి వస్తే, ఈ లెక్క యజమాని నడవడిని బట్టి వస్తుంది. కిలో సరుకు వెనుక ఎన్ని పని గంటలున్నాయి, వాటిలో ఎన్ని ప్రమాదకర పరిస్థితుల్లో గడిచాయి అన్నది ఇందులో ముఖ్యమైన కొలత. ఈ తరహా మదింపునే సోషల్ లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2009లో వెలువరించి, 2020లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కార్మికులు, స్థానికులు, వినియోగదారులు, సరఫరా గొలుసులోని వ్యాపారులు, సమాజం, పిల్లలు అనే 6 వర్గాలపై ప్రభావాన్ని పరిశీలించాలి.

ఇక ఉద్యోగావకాశాల మాట. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలలో మార్కెట్ విలువ రీత్యా మొదటి 1000 కంపెనీలు 2022–23 నుంచి సామాజిక, పర్యావరణ వివరాలతో బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్) అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించింది. ఆ పనికీ, ఎగుమతి సంస్థల సోషల్ ఆడిట్లకూ, అంటే కార్మికుల పని పరిస్థితుల తనిఖీలకూ మనుషులు కావాలి. సస్టైనబిలిటీ అనలిస్ట్, సోషల్ ఆడిటర్ వంటి పేర్లతో వెతకమనండి.

ఫ్యాక్టరీ వద్దన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. రెండేళ్లయినా ప్లాంటులో, వీలైతే ముడిసరుకు కొనుగోలు విభాగంలో పనిచేస్తేనే, రికార్డులలోని ఓవర్‌టైమ్‌కూ వాస్తవానికీ ఉండే తేడా కంటికి ఆనుతుంది. ఆ తరువాత పీజీకి వెళ్లాలనుకుంటే నగరంలోనే టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ ప్రాంగణం, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. మూడు రోజుల సర్టిఫికెట్ కోర్సులకు వేలు పోయవద్దు. ఇలాంటి మదింపు లెక్కలు చేసే ఓపెన్‌ఎల్‌సీఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, యాజమాన్యం అనుమతి తీసుకుని, శివార్లలోని ఒక పచ్చళ్ల యూనిట్‌నో కారం మిల్లునో ఎంచుకోమనండి. మిరపకాయల తొడిమలు తీసేవారికి కిలో లెక్కన ఇచ్చే కూలీ, వారు రోజులో నిజంగా తీయగలిగే కిలోలు, ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం – ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే సగం ప్రాజెక్టు తయారవుతుంది. అక్కడ ఒడిశా, బిహార్ కార్మికులూ తారసపడతారు కనుక హిందీ తడుముకోకుండా రావాలి. ప్రశ్నలు మాత్రం సూపర్‌వైజర్ ఎదుట కాకుండా, షిఫ్టు ముగిశాక గేటు బయట, పేర్లు రాసుకోకుండా అడగాలి.