టెక్ సందేహాలు: ఫార్మాట్ మాట తర్వాత, ముందు ఫైళ్లు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు లెక్కలు ఇంటి కంప్యూటర్‌లోనే ట్యాలీలో రాస్తాను. విండోస్ 10 అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. అప్పట్నుంచి ఎన్నిసార్లు ఆన్ చేసినా 'ఆటోమేటిక్ రిపేర్' దగ్గరే ఆగిపోతోంది. ఫార్మాట్ కొట్టాల్సిందేనని షాపులో అంటున్నారు. లెక్కలు, పిల్లల ఫొటోలు అన్నీ సీ డ్రైవ్‌లోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దండీ. మీరు చెప్పినదాన్నిబట్టి దెబ్బతిన్నది విండోస్. ఫైళ్లు డిస్కులో భద్రంగా ఉండే అవకాశమే ఎక్కువ. అవి బయటికి వచ్చేదాకా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. అయితే డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం వెంటనే ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకు చూపించండి.

చప్పుడేమీ లేకపోతే ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టి, ఆ తెర మీదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్‌కు వెళ్లండి. నల్ల తెరలో ఇంగ్లిష్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైల్ మెనూలో ఓపెన్‌కు వెళ్లి 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. రైట్ క్లిక్‌తో ఫోల్డర్ కాపీ చేసి ఎక్స్‌టర్నల్ డిస్కులో పేస్ట్ చేయండి. మీ సీ డ్రైవ్ అక్కడ డీ అనో ఈ అనో కనపడొచ్చు, కంగారుపడొద్దు. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపించే గీత ఉండదు. విండో బిగుసుకుపోయినట్టున్నా ఓపికపట్టండి, మధ్యలో ఆపొద్దు. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూడొచ్చు.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఒక్కటే తీసి పని అయిందనుకునేరు. ట్యాలీప్రైమ్ లెక్కలు మామూలుగా యూజర్స్‌లోని పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటాయి. పాత ట్యాలీ ఈఆర్‌పీ 9 అయితే నేరుగా సీ డ్రైవ్‌లో దాని పేరుతో ఉన్న ఫోల్డర్‌లో. లోపలి 'డేటా' ఫోల్డర్ మొత్తం తీసుకోండి.

ఇక మరమ్మతు. మీది అప్‌డేట్ సగంలో ఆగిన కేసు కాబట్టి 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'లో చివరి క్వాలిటీ అప్‌డేట్ తీసేసి చూడండి. తర్వాత స్టార్టప్ రిపేర్. రెండూ ఫలించకపోతే 'రీసెట్ దిస్ పీసీ'లో 'కీప్ మై ఫైల్స్'. దీంతో ట్యాలీ, అను స్క్రిప్ట్ లాంటి ప్రోగ్రాములు పోతాయి, మళ్లీ వేసుకోవాలి.

అదీ కుదరకపోతేనే కొత్త ఇన్‌స్టలేషన్. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ చాలు. ఇంతకుముందు మీది అసలు విండోసే అయి ఉండి, అదే ఎడిషన్ (హోమ్ లేదా ప్రో) వేస్తే కొత్తగా కీ కొనక్కర్లేదు. ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. షాపువాళ్లు దొంగ కాపీ వేస్తామంటే ఒప్పుకోవద్దు, మిల్లు లెక్కలున్న కంప్యూటర్ అది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ సరిపోతే ఈ సందులోనే 11 వేయించుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ కొనండి.