డాక్టర్ సలహా: కుర్చీలోంచి లేవలేకపోతున్న నాన్నకు ఏ ప్రొటీన్ పౌడర్ మంచిది?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. టీచర్‌గా చేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. బీపీకీ మాత్ర ఉంది. పోయిన ఏడాది వరకు రోజూ పొలం దాకా నడిచి వెళ్లొచ్చేవారు. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది. బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నారు. తొడలు సన్నబడ్డాయి, మొహం మాత్రం నిండుగానే ఉంది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపతను ఇచ్చే గోళీలు ఎనిమిది నెలలుగా వాడుతున్నారు, వాటితో బాగానే ఉందంటారు. పోయిన నెల రాత్రి బాత్రూముకు వెళ్తూ పడ్డారు, దెబ్బేమీ తగల్లేదు. వయసు కదా, బలానికి ప్రొటీన్ పౌడర్ పట్టమని అందరూ అంటున్నారు. ఏ కంపెనీది మంచిది? రోజుకు ఎన్ని స్పూన్లు ఇవ్వాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: పౌడర్ సంగతి తర్వాత చూద్దాం. మీరు మధ్యలో ఒక్క మాటలో చెప్పి వదిలేసిన గోళీల గురించి ముందు మాట్లాడాలి.

అవి ఏం మాత్రలో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలిసి ఉండదు. ఇలాంటి పొట్లాలు మా టేబుల్ మీదికి తరచూ వస్తుంటాయి. షీటులోంచి కత్తెరతో ముక్క కోసి ఇస్తారు, వెనక పేరు సగం తెగిపోయి ఉంటుంది. పెద్దది నొప్పి మాత్ర, దానికి తోడు గ్యాస్ మాత్ర. వాటి పక్కన కాగితంలో మడిచిన చిన్న తెల్ల బిళ్ల ఇంకోటి. ఆ చిన్నది చాలాసార్లు స్టెరాయిడే అవుతుంది, డెక్సామెథజోనో ప్రెడ్నిసలోనో. మీ నాన్నగారికి ఇస్తున్నది అదేనని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, మనిషిని చూడలేదు. కానీ తొడలు సన్నబడి మొహం నిండుగా ఉండటం, కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం, నొప్పి మాత్రం హాయిగా తగ్గడం, ఇవన్నీ ఒకే మనిషిలో కనిపిస్తే ఏ ఫిజీషియన్‌కైనా ముందు తట్టేది అదే.

స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. ఆస్తమాకు, కొన్ని రకాల కీళ్లవాతానికి మేమూ రాస్తాం. అయితే మోతాదు లెక్క చూసి, ఎప్పుడు తగ్గించాలో ముందే అనుకుని రాస్తాం. నెలల తరబడి లెక్కాపత్రం లేకుండా వాడితే అది కండరంలోని ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది. ముందు దెబ్బ తినేవి తుంటి, తొడ కండరాలు. చేతి వేళ్లలో పట్టు బాగానే ఉంటుంది, షర్టు గుండీలు పెట్టుకోగలరు, కానీ కుర్చీలోంచి లేవాలంటే, మెట్టెక్కాలంటే కాలు సహకరించదు. పైగా షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. కాస్త తగిలితే చాలు చర్మం కింద నల్లగా కమిలిపోతుంది. మరి వేసుకున్నవాళ్లకు బాగానే ఎందుకుంటుంది? నొప్పి, వాపు నిజంగానే తగ్గుతాయి కాబట్టి. ఆకలి కూడా పెరుగుతుంది. అందుకే ఎవరూ అనుమానించరు.

ఇది చదివి ఆ గోళీలన్నీ ఈ రాత్రే పారేయకండి. ఇంతకాలం బయటి నుంచి స్టెరాయిడ్ అందితే, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా హార్మోన్ తయారు చేయడం తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్రల పొట్లం, ఉంటే పాత షీట్లు అన్నీ తీసుకుని ఈ వారంలోనే జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడే అయితే మెల్లగా ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు. ఈలోగా వాంతులు, విపరీతమైన నీరసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆస్పత్రికే వెళ్లాలి.

స్టెరాయిడ్ కాదనుకుందాం. అప్పుడూ వెతకాల్సినవి ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడకలో తూలు వస్తుంది. థైరాయిడ్‌లో తేడా, విటమిన్ డీ లోపం, బీపీ మాత్రల వల్ల పొటాషియం తగ్గడం, కొలెస్ట్రాల్ మాత్ర ప్రభావం, నడుము దగ్గర నరం నొక్కుకోవడం, ఇవి కూడా. ఏవి అవసరమో చూసిన డాక్టర్ నిర్ణయిస్తారు. ల్యాబ్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించి రిపోర్ట్ నాకు పంపకండి. క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ మాత్రం తప్పకుండా అడగండి. షుగర్, బీపీ ఉన్న మనిషి ఎనిమిది నెలలు నొప్పి మాత్రలు మింగితే కిడ్నీల మీద ఎంత భారం పడిందో తెలియాలి.

ఇక వయసు మాట. వయసుతో కండ తగ్గుతుంది, నిజమే. యాభై దాటాక ఏటా సుమారు ఒకటి, రెండు శాతం తగ్గుతుందని అంచనా. కానీ పోయిన ఏడాది పొలం దాకా నడిచిన మనిషి ఈ ఏడాది కుర్చీలోంచి లేవలేకపోవడాన్ని వయసు ఖాతాలో రాసేస్తే ఎలా? మా డాక్టర్లదీ కొంత తప్పుంది. బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, తలుపు దగ్గర నుంచి స్టూలు దాకా మనిషి ఎలా నడిచి వచ్చాడో తలెత్తి చూడం. నిజానికి దీన్ని కొలవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీ, చేతిలో ఫోన్ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 12 సెకన్లు, అంతకుమించి పడితే కండరాల పనితీరు తగ్గినట్టు. ఆరు మీటర్లు మామూలుగా నడవడానికి ఆరు సెకన్ల కంటే ఎక్కువ పట్టినా అంతే. మీ నాన్నగారు చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే బలవంతం చేయకండి, అదే జవాబు. ఎవరైనా పక్కన నిలబడే చేయించండి.

పడ్డారన్న విషయం నెల తర్వాత, అదీ పౌడర్ అడుగుతూ రాశారు. కోప్పడుతున్నానని అనుకోకండమ్మా, కానీ అప్పుడే తీసుకెళ్లాల్సింది. ఎముక విరగలేదు కదా అని ఊరుకుంటారు, రెండోసారి పడినప్పుడు తుంటి విరుగుతుంది. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఇంకోసారి బీపీ చూడమనండి. పై అంకె 20 పడినా, కింది అంకె 10 పడినా రాత్రి లేచినప్పుడు తూలడానికి అదే కారణం కావచ్చు. ప్రొస్టేట్‌కో నిద్రకో మాత్రలు వాడుతుంటే అవి కూడా చూపించండి. పడ్డప్పుడు తలకు తగిలిందా, రక్తం పలచబడే మాత్ర ఏమైనా ఉందా అని అడగండి. పడిన కొన్ని వారాలకు కొత్తగా తలనొప్పి, మత్తు, మాట తడబడటం వస్తే ఆలస్యం చేయకుండా తలకు స్కాన్ తీయించాలి. మలం నల్లగా రావడం, మూత్రం పట్టు తప్పడం, ఒక కాలు ఉన్నట్టుండి పడిపోవడం కూడా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాల్సినవి.

ఇప్పుడు పౌడర్. అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమవాసులు వంద మంది మీద ఒక పరిశోధన చేశారు, 1994లో అచ్చయింది. వాళ్ల సగటు వయసు 87. కొందరికి కాళ్లకు బరువులతో వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల్లో వ్యాయామం చేసినవాళ్ల కండరాల బలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా పానీయం ఒక్కటే తాగినవాళ్లకు బలం విషయంలో ఒరిగిందేమీ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే చెప్పింది.

అలాగని ప్రొటీన్ వద్దని కాదు. కిడ్నీలు బాగుంటే ఈ వయసులో కిలో బరువుకు గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ఇవ్వొచ్చు, అంటే 60 కిలోల మనిషికి 60-70 గ్రాములు. పొద్దున ఇడ్లీ చట్నీ, మధ్యాహ్నం గిన్నెడు అన్నంలో గరిటెడు పప్పు, రాత్రి మజ్జిగన్నం అయితే అంత రాదు. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. పెసరట్టు, సెనగలు, గట్టి పెరుగు, చేప, ఏది తింటారో అది మూడు పూటలా కొంచెం కొంచెం సర్దండి. క్రియాటినిన్ ఎక్కువుంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, మీ డాక్టర్ చెప్పిందే వినండి.

ఒంట్లో బాగాలేదని ఆయన్ని మంచం మీద పడుకోబెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచం మీదే ఉంటే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిందని 2007లో ఒక పరిశోధనలో తేలింది. కారణం తేలాక ఫిజియోథెరపిస్ట్ దగ్గర కాళ్ల వ్యాయామాలు నేర్పించండి. ఆలోగా పగటిపూట ఇంట్లో తిరగనివ్వండి, బాత్రూములో పట్టుకోవడానికి రాడ్ బిగించండి, రాత్రి లైటు వెలగనివ్వండి.

రిటైర్డ్ మాస్టార్లు డాక్టర్ దగ్గరికి రమ్మంటే ఓ పట్టాన రారు. ఎటూ షుగర్ చెకప్ ఉంది కదా అని బయల్దేరదీయండి, మాత్రల పొట్లం మాత్రం మీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. ఆయన్ని అడిగితే ఇంట్లో మర్చిపోయానంటారు.