చైతన్యం గురించి ముందు ఏది చదవాలి?

ప్రశ్న: చైతన్యం, ధ్యానం, కల వంటి మనఃస్థితుల గురించి అతిశయోక్తులు లేని పుస్తకాలు సూచించగలరా?

జవాబు: అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో ప్రచురించిన ‘ది వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్’తో మొదలుపెట్టండి. మార్మికానుభవం మాటలకు లొంగదనీ, ఏదో తెలిసిందన్న భావన కలిగిస్తుందనీ, ఎక్కువసేపు నిలవదనీ, ఆ సమయంలో సొంత ఇచ్ఛ ఆగిపోయినట్టు ఉంటుందనీ నాలుగు గుర్తులు చెప్పిన ఆయన, నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు పీల్చినప్పుడు తనకు కలిగిన అనుభవాన్ని కూడా దాచకుండా రాశారు. అనుభవాన్నీ, దానికిచ్చే వివరణనూ కలగాపులగం చేసే పుస్తకాలను, అట్ట మీద ఎన్ని ప్రశంసలున్నా, నేనైతే పక్కన పెడతాను. తర్వాత, గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుందని తత్వవేత్త థామస్ నాగెల్ 1974లో అడిగిన చిన్న వ్యాసం చదవండి. మెదడు పనితీరు ఎంత తెలిసినా అనుభవం తాలూకు లోపలి రుచి ఎందుకు చిక్కదో అందులో స్పష్టమవుతుంది. మెలకువ, కల, గాఢనిద్ర, ఈ మూడింటికీ అతీతమైన తురీయం అనే విభజనకు 12 మంత్రాల మాండూక్యోపనిషత్తు చాలు.