మీటర్ 1.5 వోల్టులే చూపిస్తున్నా గ్లో ప్లగ్ ఎందుకు మాడిపోతోంది?

మీరు 12 వోల్టుల బ్యాటరీ నుంచి మాస్‌ఫెట్ (కరెంటును వేగంగా తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్) ద్వారా పల్సులను నేరుగా గ్లో ప్లగ్‌కు (నమూనా విమానాల చిన్న ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించేందుకు 1.5 వోల్టులతో వేడెక్కే ప్లగ్) ఇస్తున్నారని, డ్యూటీ (ప్రతి పల్సు చక్రంలో స్విచ్ తెరిచి కరెంటు పోనిచ్చే కాలపు వంతు) 12.5 శాతం ఉంచగా మల్టీమీటర్ 1.5 వోల్టులు చూపిందని, అయినా రెండు ప్లగ్‌లు మాడిపోయాయని రాశారు. నేను కట్టిన మొదటి డ్రైవర్‌లోనూ (ప్లగ్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్) ఇదే జరిగింది. మీట నొక్కగానే ప్లగ్‌లోని తీగచుట్ట నారింజ రంగులో వెలగడానికి బదులు ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోయింది. భూతద్దంతో చూస్తే తెగిన రెండు కొసలూ కరిగి ఆవగింజల్లా గుండ్రబడి ఉన్నాయి. మాస్‌ఫెట్ పాడై ఉంటుందనుకుని దానిని మార్చి, రెండో ప్లగ్‌ను కూడా పోగొట్టుకున్నాను.

అసలు పొరపాటు లెక్కలో ఉంది. డీసీలో పెట్టిన మీటర్ వోల్టేజీ సగటును చూపుతుంది, కాని తీగలో పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 12 వోల్టులు ఎనిమిదో వంతు కాలమే అందినా 144లో ఎనిమిదో వంతు, అంటే 18 లెక్కకు వస్తుంది. నిలకడగా ఉన్న 1.5 వోల్టులకైతే ఆ విలువ 2.25 మాత్రమే. ప్లగ్ మీద ఎనిమిది రెట్ల శక్తి పడుతోందన్నమాట. నేరుగా పల్సులే ఇవ్వాలంటే డ్యూటీని 1.6 శాతం దగ్గరకు దించాలి. అలా దించినా, వేడెక్కినప్పుడు దాదాపు 0.5 ఓములుండే ప్లగ్ గుండా ప్రతి పల్సులోనూ 24 ఆంపియర్లు పోతాయి కాబట్టి ఆ దారి నాకు నచ్చలేదు.

మాస్‌ఫెట్ తరువాత ఒక ఇండక్టర్ (కరెంటు మార్పులను నెమ్మదింపజేసే తీగచుట్ట), ఒక షాట్కీ డయోడ్ (తక్కువ నష్టంతో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) చేర్చి దానిని బక్ కన్వర్టర్‌గా (పల్సులను సగటు చేసి తక్కువ, నిలకడైన వోల్టేజీగా ఇచ్చే సర్క్యూట్) మార్చండి. అప్పుడు మీ 12.5 శాతమే ఇంచుమించు సరైన డ్యూటీ అవుతుంది. నేను 50 కిలోహెర్ట్జ్ దగ్గర 100 మైక్రోహెన్రీల ఇండక్టర్ వాడాను. చల్లని ప్లగ్ నిరోధం తక్కువ కాబట్టి మొదట, వేడెక్కాక తీసుకునే మూడు ఆంపియర్ల కన్నా చాలా ఎక్కువ లాగుతుంది. ఆ కరెంటుకు కూడా సంతృప్తం కాని (అయస్కాంత సామర్థ్యం నిండిపోయి పని తప్పని) ఇండక్టర్‌నే ఎంచుకోవాలి. చాలామంది మాస్‌ఫెట్‌కు పెద్ద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) బిగించి డయోడ్‌ను గాలికి వదిలేస్తారు, కాని ఈ సర్క్యూట్‌లో కాలంలో ఎనిమిదింట ఏడు వంతులు కరెంటు మోసేది డయోడే. నా పెట్టెలో వేలు కాల్చింది కూడా అదే.

ప్లగ్‌కు వెళ్లే తీగలనూ తేలిగ్గా తీసుకోవద్దు. మూడు ఆంపియర్ల దగ్గర 0.1 ఓము తీగ 0.3 వోల్టులను, అంటే ప్లగ్‌కు అందవలసిన దానిలో ఐదో వంతును మింగేస్తుంది. అందువల్ల వోల్టేజీని బోర్డు దగ్గర కాక క్లిప్ దగ్గరే కొలిచే విధంగా మరో రెండు సన్నని తీగలు వేశాను. స్థిర కరెంటు డ్రైవర్ కన్నా స్థిర వోల్టేజీదే మేలని నా అభిప్రాయం: ఇంధనం ఎక్కువై ప్లగ్ తడిసినప్పుడు తీగ చల్లబడి నిరోధం తగ్గుతుంది, స్థిర వోల్టేజీలో అప్పుడు శక్తి పెరిగి తడిని ఆరబెడుతుంది, స్థిర కరెంటులో సరిగ్గా అవసరమైన వేళకే తగ్గిపోతుంది.

మాస్‌ఫెట్ చెడిపోతే చాలాసార్లు షార్ట్ అవుతుంది, అప్పుడు 12 వోల్టులూ ప్లగ్ మీద పడతాయి. బ్యాటరీ వైపు కరెంటు మామూలుగా అర ఆంపియర్‌కు మించదు కాబట్టి అక్కడ 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ప్లగ్‌కు బదులు ముందుగా 10 వాట్ల 0.5 ఓము రెసిస్టర్ తగిలించి, పది నిమిషాలు నడిపి, దాని రెండు కొసల మధ్య 1.5 వోల్టులు నిలకడగా ఉన్నాయని చూశాకే మూడో ప్లగ్ తగిలించండి.