తుపాకీకి ఈఎంఐ కడితే తూటాలకు డబ్బేదీ?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 62,000 వస్తుంది. స్కీట్ షూటింగ్‌లో (గాల్లోకి ఎగరేసే మట్టి పళ్లేలను, అంటే క్లేలను, షాట్‌గన్‌తో కొట్టే ఆట) రెండుసార్లు విదేశీ టోర్నీలు ఆడాను. ఇంటి ఖర్చు 24,000, ప్రాక్టీసు 30,000 పోగా నెలకు 8,000 మిగులుతోంది. తూటా, క్లే కలిపి షాట్‌కు 60 రూపాయలు. టోర్నీల వల్ల నిరుడు 40 రోజులు లాస్ ఆఫ్ పే. బ్యాంకులో 90,000 ఉంది, మొన్ననే 1.5 లక్షల బోనస్ వచ్చింది. ఇటలీ తుపాకీ కోసం 14 శాతం వడ్డీకి, 5 ఏళ్లకు 12 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటాను. ప్రపంచకప్ పతకం వస్తే నగదు బహుమతితో తీర్చేయొచ్చు కదా? - ఒక పాఠకురాలు

జవాబు: రాని పతకాన్ని తాకట్టు పెడుతున్నారు! వచ్చే ఇంక్రిమెంట్‌ను, అమ్ముడుపోని స్థలాన్ని నమ్ముకుని ఈఎంఐలు నెత్తినేసుకునేవాళ్లు నాకు తరచూ ఇలాగే రాస్తుంటారు. మీ ఉత్తరం తీసుకున్నది అందుకే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా స్కీట్ మిక్స్‌డ్ టీమ్ కాంస్య పోరులో 43-44తో చైనా చేతిలో ఓడారు. ఒక్క క్లే! దాని మీద మీరు ఈఎంఐ కడతారా?

ముందు మీ లెక్క సరిచేద్దాం. 40 రోజుల జీతం అంటే దాదాపు 82,700. పన్నెండు నెలలకు పంచితే నెలకు 6,900. కాబట్టి మీకు నిజంగా మిగిలేది 8,000 కాదు, 1,100. ఈఎంఐ 27,900 వస్తుంది. తక్కువ పడే 26,800 ప్రాక్టీసులోంచే కోయాలి, అంటే 447 షాట్లు. ఇప్పుడు నెలకు 500 కొడుతున్నారు, ఇక మిగిలేది రెండు రౌండ్లు (రౌండుకు 25 క్లేలు). క్వాలిఫికేషన్‌కే 125 క్లేలు కొట్టాల్సిన ఆటకు నెలకు రెండు రౌండ్ల ప్రాక్టీసా? పైగా వడ్డీ కిందే 4.75 లక్షలు పోతుంది.

అత్యవసర నిధి సంగతి మీరు ఒక్క ముక్క రాయలేదు. భుజం పట్టేసినా, ఉద్యోగం పోయినా ఏం చేస్తారు? ఆరు నెలల ఇంటి ఖర్చు 1.44 లక్షలు, మూడు నెలల ప్రాక్టీసు 90,000, మొత్తం 2.34 లక్షలు పక్కన ఉండాలి. మీ పొదుపు, బోనస్ కలిపితే 2.4 లక్షలు. అదృష్టవంతులు, ఈ వారమే నిధి పూర్తవుతుంది! సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (పొదుపు ఖాతాకు ముడిపడి, అవసరమైనప్పుడు తీసుకోగలిగే డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టండి. టోర్నీ టికెట్లకు కూడా దాన్ని ముట్టుకోవద్దు. లాస్ ఆఫ్ పే ఎలాగూ తెలిసిన ఖర్చే, దానికి నెలనెలా 6,900 వేరే ఖాతాలోకి మళ్లించండి.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే సొంతంగా ఇంకొకటి తీసుకోండి, దరఖాస్తులో షూటింగ్ ఆడతానని తప్పకుండా రాయండి. ప్రమాదకర క్రీడలను వృత్తిగా ఆడేవాళ్ల గాయాలకు మినహాయింపు నిబంధన ఉంటుంది. మీ ఆట దాని కిందకు వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఒలింపిక్ పతక ఆశలున్న క్రీడాకారులకు కేంద్రం సాయం చేసే టాప్స్ పథకం కోర్ గ్రూప్‌లోకి వస్తే నెలకు 50,000 భత్యం ఇస్తారు, వచ్చాక చూద్దాం. స్పాన్సర్లను అడగండి, తప్పులేదు.

మీ పాత తుపాకీ పనిచేయడం లేదని ఉత్తరంలో ఎక్కడా లేదు. మార్చాల్సిందేనంటే సీనియర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌వి వాకబు చేయండి. మన స్కీట్ షూటర్ మైరాజ్ అహ్మద్ ఖాన్ 2022లో చాంగ్వాన్ ప్రపంచకప్‌లో స్వర్ణం గెలిచింది 46 ఏళ్ల వయసులో. మీకింకా 27. లోన్‌కు ఇప్పటికే అప్లై చేసి ఉంటే రేపే రద్దు చేయించండి.